ఒక్క అంకెలో ఐదు లెక్కలు: మెయింటెనెన్స్ చీటీని విప్పి చూస్తే

మే నెల రెండో వారంలో భీమవరం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరే, మెయింటెనెన్స్ 4,850 అంట. మార్చిలో 1,650 కట్టాను. రెండు నెలల్లో ఏం ముంచుకొచ్చిందో కాస్త చూడు" అంది. చీటీ ఫొటో తీసి పంపమన్నాను. అందులో ఫ్లాట్ నంబరు, నెల పేరు, కింద 4,850 అనే అంకె. అంతే. వాచ్‌మన్‌ని అడిగితే "ఆయ్, సెక్రటరీ గారు ఇమ్మన్నారండి, నాకేం తెలీదండి" అన్నాడట.

పిన్ని అనుమానం సెక్రటరీ మీద. ఆ అంతస్తులో మిగతావాళ్ల అనుమానం నీళ్ల ట్యాంకర్ల మీద. రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్‌కి రెండేళ్లు ట్రెజరర్‌గా చేశాను కాబట్టి నాకు వచ్చిన అనుమానం వేరు. ఈ గొడవల్లో తినేసినవాళ్లు ఉండరని అనను. కానీ నేను చూసినంతలో తినేయడం కంటే కలిపేయడం ఎక్కువ. నెలనెలా అయ్యే ఖర్చు, వాడకాన్ని బట్టి అయ్యే ఖర్చు, ఎప్పుడో ఒకసారి చేసే పని, పాత బాకీ, జరిమానా, వీటిలో దేని నియమం దానిది. అన్నింటినీ ఒకే అంకెలో పోసేస్తే కట్టేవాడికి ఏది అడగాలో తెలీదు, అడిగినా వసూలు చేసేవాడికి ఏం చెప్పాలో తెలీదు. నేనూ ఒక ఏడాది లిఫ్ట్ రిపేరుకి ట్యాంకర్ల డబ్బు వాడేసి, వర్షాకాలంలో సర్దుతాననుకుని, సర్దలేక అందరి చేతా తిట్లు తిన్నవాణ్ణే.

మన డెల్టాలో ఇది కొత్త సంగతి కాదు నిజానికి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఇక్కడ అందరూ వాడుకునేదానికి ఎవరి వంతు ఎంత అన్నది తరతరాల పంచాయితీ. నీటి తీరువా ఎకరానికి ఇంత అని కట్టాం. వరికో రేటు, చేపల చెరువుకో రేటు అంటే ఒప్పుకున్నాం. కాలువ మొదట్లో ఉన్నవాడికి ముందు నీళ్లు, శివారు ఆయకట్టు వాడికి ఆఖర్న అంటే కొట్టుకున్నాం. చేలో దిగితే ఇంత లెక్క చూసుకునే మనిషి, అపార్ట్‌మెంట్‌లోకి రాగానే 4,850 అన్న చీటీ చూసి ఫోన్‌పే చేసేస్తున్నాడు.

సరే, సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, జీతం లేని ఉద్యోగం చేస్తున్నారు. మొదట విసుక్కున్నా, గంట తర్వాత వాట్సాప్‌లో ఐదు లైన్లు పంపారు. మెయింటెనెన్స్ 2,200. నీళ్లు 900. పెయింటింగ్ 1,000. పాత బాకీ 600. లేటు ఫీజు 150. కూడితే 4,850. లెక్క తప్పు లేదు. ఇక ఒక్కో లైనూ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

మొదటి లైనుతోనే మొదలుపెడదాం, అసలు కథంతా అందులోనే ఉంది.

అపార్ట్‌మెంట్‌లో మొత్తం 20 ఫ్లాట్లు. పన్నెండు చిన్నవి, ఒక్కోటి 1,100 చదరపు అడుగులు. ఎనిమిది పెద్దవి, 1,650. మొత్తం 26,400 అడుగులు. నెల ఖర్చు ఇలా ఉంది: వాచ్‌మన్ జీతం 13,000, ఊడ్చేవాళ్లకి, చెత్తకి కలిపి 5,500, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) 4,500, కామన్ మీటరు కరెంటు 10,600, మోటారు, బల్బులు, ఫినాయిలు లాంటి చిల్లర 6,000. మొత్తం 39,600. అడుగుల మీద పంచితే అడుగుకి రూపాయిన్నర. పిన్నిది చిన్న ఫ్లాట్, 1,650 కట్టాలి. మార్చి దాకా కట్టింది అదే.

ఇక్కడ ఒక పాత తగవు గురించి చెప్పాలి. అడుగుల లెక్కన పంచాలా, ఇంటికింత అని సమానంగా పంచాలా? సమానంగా అయితే తలా 1,980. చిన్న ఫ్లాట్‌కి 330 పెరుగుతుంది, పెద్ద ఫ్లాట్‌కి 495 తగ్గుతుంది. పెద్ద ఫ్లాట్ వాళ్లు "వాచ్‌మన్ మాకేమన్నా ఒకటిన్నర రెట్లు కాపలా కాస్తున్నాడా" అంటారు. చిన్న ఫ్లాట్ వాళ్లు "స్థలంలో వాటా మీకెక్కువ రాసుకున్నారుగా" అంటారు. రెండు వాదనల్లోనూ పస ఉంది. వాచ్‌మన్, చెత్త సమానంగా, మిగతావి అడుగుల మీద అని మధ్యేమార్గంగా పంచుకునే చోట్లూ ఉన్నాయి. ఏది న్యాయమన్నది పక్కన పెట్టండి. మీ అసోసియేషన్ బైలాలో, అంటే సంఘం నియమావళిలో, ఏం రాసుందో అదే మొదటి సమాధానం. బైలా మార్చకుండా కమిటీ తనంతట తాను పద్ధతి మార్చేస్తే అడిగే హక్కు మీది. ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్లకు 1987 నుంచీ ఒక చట్టం ఉంది. ఉమ్మడి స్థలాలు, అవిభాజ్య వాటా, యజమానుల సంఘం అన్న మాటలన్నీ అందులోవే. అవిభాజ్య వాటా అంటే స్థలంలో విడదీయకుండా మీ ఫ్లాట్‌కి దక్కే భాగం, మీ రిజిస్ట్రేషన్ దస్తావేజులో చదరపు గజాల్లో రాసి ఉండేది అదే. చాలామంది దాన్ని లాకర్లో పెట్టి మళ్లీ తీయరు.

అడుగుల లెక్కలో ఇంకో చిన్న మెలిక ఉంది. ఏ అడుగులు? బిల్డర్ల మీద నియంత్రణకి వచ్చిన రెరా చట్టం కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే స్థలం) అంటే ఏమిటో నిర్వచించింది. బిల్డర్లు అమ్మేటప్పుడు మెట్లు, కారిడార్లు కలిపిన ఏరియా చెబుతారు. మెయింటెనెన్స్‌కి ఏది వాడినా ఫర్వాలేదు, అందరికీ ఒకటే వాడితే చాలు, ఎందుకంటే ఇక్కడ కావాల్సింది నిష్పత్తి. ఒకరికి బాల్కనీ కలిపి, ఇంకొకరికి కలపకుండా వేస్తేనే తేడా వస్తుంది. పిన్ని వాళ్ల జాబితాలో అలాంటిదేమీ కనిపించలేదు.

మరి 1,650 కాస్తా 2,200 ఎలా అయింది? ఖర్చు పెరిగిందా అంటే లేదు. అదే 39,600. కామన్ మీటరు బిల్లు కూడా చూశాను. సర్వీసు నంబరు ఉంటే ఈస్టర్న్ పవర్ డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు, దానికి సెక్రటరీని బతిమాలక్కర్లేదు. రేటు మాత్రం రూపాయిన్నర నుంచి రెండు రూపాయలైంది. ఖర్చు పెరగకుండా రేటు పెరిగిందంటే, కట్టేవాళ్లు తగ్గారన్నమాట.

నాలుగు పెద్ద ఫ్లాట్లు ఇంకా అమ్ముడుపోలేదు. అవి బిల్డర్ పేరు మీదే ఉన్నాయి. వాటికి ఒక్క రూపాయి కూడా రావడం లేదు. నాలుగు ఫ్లాట్లు, ఒక్కోటి 2,475, నెలకి 9,900 లోటు. మిగిలిన 16 ఇళ్ల విస్తీర్ణం 19,800 అడుగులు. 39,600ని 19,800తో భాగిస్తే సరిగ్గా రెండు రూపాయలు. పిన్ని చీటీలో నెలకి 550 రూపాయలు బిల్డర్ వాటాయే, ఆ సంగతి ఆవిడకి తెలీదు.

"ఖాళీగా ఉన్న ఫ్లాట్లండి, ఎవరూ వాడట్లేదు కదండి" అన్నారు సెక్రటరీ గారు. ఈ మాట అమెరికాలోనో, హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ ఫ్లాట్ కొనుక్కున్న వాళ్ల నోటా వింటాం. తాళం వేసి ఉన్నా ఆ ఇంటికీ కాపలా ఉంది, లిఫ్ట్ ఉంది, పైకప్పు ఉంది, దాని విలువ నిలబడుతున్నది ఈ ఖర్చు వల్లే. వాడకాన్ని బట్టి అయ్యే నీళ్ల దగ్గర తగ్గింపు అడిగితే అర్థముంది. ఉమ్మడి ఖర్చు దగ్గర ఖాళీ ఇల్లు, కాపురమున్న ఇల్లు అన్న తేడా లేదు. అమ్ముడుపోని ఫ్లాట్‌కి యజమాని ఎవరు? బిల్డరే. యజమాని వాటా యజమానే కట్టాలి.

ఇందులో రెరా చట్టం ఎంతవరకు పనికొస్తుంది? 2016 నాటి ఈ చట్టంలో 11వ సెక్షన్ బిల్డర్ బాధ్యతల గురించి చెబుతుంది. యజమానుల సంఘం నిర్వహణ చేపట్టే దాకా అత్యవసర సేవలను సమంజసమైన ఛార్జీలకు బిల్డరే అందించి నిర్వహించాలి. సంఘం ఏర్పడేలా చూడాలి, స్థానిక చట్టం లేని చోట సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లోగా. ఇక్కడ "సమంజసమైన" అన్న మాట గట్టిగా పట్టుకోవాలి. సంఘం చేతికి రాకముందు బిల్డర్ ఇష్టమొచ్చిన రేటు వేస్తే అడగడానికి అదే ఆధారం. స్థలం 500 చదరపు మీటర్లు దాటి, ఫ్లాట్లు ఎనిమిదికి మించితే ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. మన సెంట్లలో చెప్పాలంటే పన్నెండు సెంట్ల పైచిలుకు. భీమవరం, తణుకు, అమలాపురంలో ఇప్పుడు లేస్తున్న ఐదంతస్తుల బిల్డింగుల్లో చాలావాటి స్థలం అంతకంటే ఎక్కువే. 2017 మే 1 నాటికి పూర్తయినట్టు సర్టిఫికెట్ రాని వాటికీ ఈ నియమం వర్తిస్తుంది.

పిన్ని వాళ్ల బిల్డింగ్ సంఘం చేతికి వచ్చింది కిందటేడాది ఏప్రిల్‌లో. ఏడాది పాటు నెలకి 9,900 లోటుని కమిటీ ఏం చేసిందో తెలుసా? కార్పస్ ఫండ్‌లోంచి, అంటే కొన్నప్పుడు అందరూ ఇచ్చిన ఉమ్మడి నిధిలోంచి, సర్దింది. పన్నెండు నెలలకి 1,18,800. అది చూసి ఎవరో జనరల్ బాడీలో కేకలేస్తే, ఈ ఏప్రిల్ నుంచి రేటు పెంచేశారు. బిల్డర్‌ని అడగడం కంటే పదహారు ఇళ్ల మీద వేయడం తేలిక. ఆయన ఊళ్లో పెద్దమనిషి, మొహమాటం.

రెండో లైను నీళ్లు, 900.

భీమవరం సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చుట్టూ కాలువలు, చెరువులు, మధ్యలో తాగడానికి, స్నానానికి పనికొచ్చే నీళ్లు తక్కువ. బోరు వేస్తే ఉప్పు నీళ్లు. కుళాయి మీద తెల్లటి పొర కడుతుంది, గీజరు రెండేళ్లకే పోతుంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే మున్సిపాలిటీ తన చెరువుల్లో నింపుకున్న నీళ్లతో నెట్టుకొస్తుంది, మన వంతుకి వచ్చేది తగ్గుతుంది. అప్పుడు ట్యాంకర్లు దిగుతాయి. గేటు దగ్గర గంటసేపు పైపు పెట్టి సంపులోకి వదులుతుంటే, పై అంతస్తులో వాళ్లు కిటికీలోంచి చూస్తూ "ఇది రెండోదా మూడోదా" అని లెక్క పెట్టుకుంటారు.

అందరికీ ఎక్కువ అనుమానం ఉన్నది ఈ లైను మీదే. నాకు చీటీలో నిక్కచ్చిగా కనిపించింది కూడా ఇదొక్కటే. వాచ్‌మన్ దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ట్యాంకరు వచ్చిన తేదీ, టైము, డ్రైవరు సంతకం. ఏప్రిల్‌లో 18 ట్యాంకర్లు, ఒక్కోటి 800. మొత్తం 14,400. కాపురమున్న ఇళ్లు 16. తలా 900. పిన్ని ఆ పుస్తకం చూసి కాస్త చిన్నబోయింది. "ఆ పిల్లాడు అంత శ్రద్ధగా రాసుకున్నాడా" అని ఆశ్చర్యపోయింది.

ఒక్కరే ఉండే ఇల్లు, ఆరుగురు ఉండే ఇల్లు సమానంగా కట్టడం న్యాయమా అంటే కాదు. మనిషికింత అని వేస్తే ఎవరింట్లో ఎందరున్నారో కమిటీ లెక్క పెట్టాలి, సంక్రాంతికి కోడిపందాలు చూడ్డానికి దిగే చుట్టాల్ని ఏ లెక్కలో వేస్తారు? ఇంటికో నీటి మీటరు బిగించుకోవడం ఒక్కటే గట్టి పరిష్కారం, దానికి డబ్బు పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. జనరేటర్ డీజిల్ దగ్గరా ఇదే తంతు. తుఫాను వచ్చి రెండ్రోజులు కరెంటు పోయిన నెలలో డీజిల్ బిల్లు చూసి గుండెలు బాదుకునే కంటే, జనరేటర్ మీదున్న గంటల మీటరు రీడింగ్ నెల మొదట ఒకసారి, చివర ఒకసారి ఫొటో తీయించండి. తిరిగిన గంటలకి, కొన్న లీటర్లకి పొంతన లేకపోతే అప్పుడు అడగొచ్చు.

మూడో లైను పెయింటింగ్. నెలకి వెయ్యి చొప్పున ఆరు నెలలు వసూలు చేస్తారట. ఇది మెయింటెనెన్స్ కాదు, ప్రత్యేక వసూలు. నెలవారీ ఖర్చులు పెట్టే అధికారం కమిటీకి బైలాలోనే ఉంటుంది. ఇలాంటి ఒకసారి పనికి సాధారణంగా జనరల్ బాడీ తీర్మానం కావాలి. మీటింగ్ నోటీసు, హాజరైనవాళ్ల సంతకాలు, తీర్మానం, కనీసం రెండు మూడు కొటేషన్లు అడిగితే తప్పు లేదు. వాట్సాప్ గ్రూపులో పది మంది బొటనవేలి బొమ్మ పెట్టడం తీర్మానం కాదు, పెద్ద కమిటీలు కూడా ఈ పొరపాటు చేస్తున్నాయి.

పెయింటింగ్ కొటేషన్ తీసి చూస్తే, 96,000లో సగం పైకప్పు వాటర్‌ప్రూఫింగ్‌కి. వానాకాలంలో ఐదో అంతస్తులో నీళ్లు కారుతున్నాయట. ఇళ్లు యజమానుల స్వాధీనం చేసి మూడేళ్లే అయింది. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన ఐదేళ్లలోగా కట్టడంలో, పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడి యజమానులు చెబితే, 30 రోజుల్లోగా బిల్డర్ తన ఖర్చుతో బాగుచేయాలి. కారుతున్న స్లాబుకి యజమానులు చందాలు వేసుకోవడమేమిటి? గోడలకి పాచి పట్టి రంగు పోవడం వేరు, ఆ ఖర్చు మనదే. ఈ రెండింటినీ ఒకే కొటేషన్‌లో పెట్టేసరికి బిల్డర్ పని కూడా మన బిల్లులోకి వచ్చేసింది. మీ ఇల్లు స్వాధీనమై నాలుగేళ్లు దాటుతున్నాయంటే, లీకేజీల గురించి ఈ వేసవిలోనే రాతపూర్వకంగా బిల్డర్‌కి ఇవ్వండి. ఐదేళ్లు దాటాక అదే లీకేజీ మన నెత్తిన పడుతుంది.

కార్పస్ సంగతీ అడగాలి. రిజిస్ట్రేషన్ రోజున పిన్ని కూడా 40,000 ఇచ్చింది. అలా పదహారు మంది ఇచ్చింది 6,40,000. అందులోంచే పోయిన ఏడాది లోటు పూడ్చారు. మిగిలినది ఏ బ్యాంకులో, ఎవరి పేరు మీద, వడ్డీ ఎక్కడికి వెళ్తోంది? ఈ మూడు ప్రశ్నలకి ఒక్క పాస్‌బుక్ కాపీ చాలు. అసోసియేషన్ పేరు మీద ఖాతా లేకుండా సెక్రటరీ సొంత ఖాతాలో, సొంత క్యూఆర్ కోడ్‌తో వసూళ్లు జరుగుతుంటే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా అది ఆపించాల్సిన పని. రేపు ఆయనకేమన్నా అయితే ఆ డబ్బు ఆయన వారసుల ఆస్తిలో కలుస్తుంది. మా అపార్ట్‌మెంట్లో ఆ అనుభవం అయింది, తిరిగి రాబట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇక పాత బాకీ 600, లేటు ఫీజు 150. చిన్న అంకెలే కానీ నాకు ఎక్కువ కోపం తెప్పించినవి ఇవే.

ఏప్రిల్‌లో రేటు పెరిగిన సంగతి పిన్నికి తెలీదు. ఎప్పటిలాగే 1,650 ఫోన్‌లో పంపేసింది. 2,200కి 550 తక్కువైంది. దాని మీద ఏప్రిల్‌కే 50 లేటు ఫీజు వేశారు. అవి రెండూ కలిపి "పాత బాకీ 600". మేలో ఆ బాకీ మీద మళ్లీ 150 లేటు ఫీజు. అంటే లేటు ఫీజు మీద లేటు ఫీజు. 550 రూపాయలకి నెలకి 150 అంటే నూటికి 27 రూపాయల వడ్డీ, అదీ నెలకి. వడ్డీ వ్యాపారి కూడా సిగ్గుపడతాడు. బైలా తీసి చూస్తే ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ అని ఉంది. ఆ లెక్కన 550కి నెల వడ్డీ ఐదున్నర రూపాయలు. బైలాలో లేని జరిమానాని కమిటీ తనంతట తాను పుట్టించలేదు. ఒక్క మెసేజ్‌తో ఆ 150 ఎగిరిపోయింది.

పాత బాకీ ఉన్నప్పుడు డబ్బు ఎలా పంపాలన్నదే అసలు మెలకువ. చాలామంది బిల్లు మీద కోపంతో మొత్తం కట్టడం ఆపేస్తారు. అది తప్పు. వాచ్‌మన్ జీతం ఆగుతుంది, లిఫ్ట్ ఆగుతుంది, పక్కింటివాళ్లు మీ మీద పడతారు, అప్పటిదాకా న్యాయం మీ వైపున్నా ఒక్కసారిగా ఎగవేతదారు అయిపోతారు. కొందరు తమకి న్యాయమనిపించింది కట్టేసి ఊరుకుంటారు. అదీ సగం పనే. ఏ బాకీకి జమ చేయాలో చెప్పకుండా కడితే, ఆ డబ్బుని మీరు నిజంగా బాకీ ఉన్న ఏ లెక్కకైనా జమ చేసుకునే వీలు అవతలి వాళ్లకి ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 60వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. దానికి ముందున్న 59వ సెక్షన్ మన పక్షాన ఉంది. ఈ డబ్బు ఫలానా బాకీకి అని చెప్పి ఇస్తే, అవతలివాళ్లు తీసుకున్నాక దాన్ని ఆ బాకీకే జమ చేయాలి.

ఆ చెప్పడం ఇప్పుడు ఎంత సులువో చూడండి. ఫోన్‌లో డబ్బు పంపేటప్పుడు మెసేజ్ రాసే ఖాళీ గడి ఒకటి ఉంటుంది కదా, అందులో "మే మెయింటెనెన్స్ 1650, నీళ్లు 900 మాత్రమే" అని రాస్తే చాలు. పిన్ని చేత అదే చేయించాను. 2,550 కట్టింది. మిగతా మూడు లైన్లకి వివరణ కోరుతూ ఒక పేజీ ఉత్తరం రాసి, సెక్రటరీ గారి సంతకం తీసుకుని కాపీ దాచుకుంది. కమిటీ దాన్ని పాత బాకీకి జమ చేసుకుని "మే నెల కట్టలేదు" అని మళ్లీ లేటు ఫీజు వేసే దారి మూసుకుపోయింది.

పాత బాకీ గురించి ఇంకో మాట. పాత ఫ్లాట్ కొంటున్నట్టయితే బయానా ఇచ్చే ముందే అసోసియేషన్ నుంచి బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ కాగితం అడగండి. అద్దెకున్నవాళ్లు కట్టలేదని చెప్పే యజమానులుంటారు. అద్దె ఒప్పందంలో ఏం రాసుకున్నా అసోసియేషన్‌కి జవాబుదారీ యజమానే.

కట్టకపోతే నీళ్లు కట్టేస్తామని, కరెంటు పీకేస్తామని బెదిరించే కమిటీలూ ఉన్నాయి. మీ ఇంటి మీటరు మీకూ డిస్కమ్‌కీ మధ్య వ్యవహారం. బిల్లు కట్టలేదని కనెక్షన్ తీసే అధికారాన్ని 2003 విద్యుత్ చట్టం సరఫరా సంస్థకి ఇచ్చింది, మెయింటెనెన్స్ కట్టలేదని ఫ్యూజు తీసే సెక్రటరీకి కాదు. నీళ్లు ఆపడం కూడా బైలాలో రాసుకున్నంత మాత్రాన కోర్టులో నిలుస్తుందన్న భరోసా లేదు. వసూలు చేసుకోవాలంటే నోటీసు ఇచ్చి, దావా వేసుకునే దారి వాళ్లకుంది.

పిన్ని చీటీలో లేకపోయినా చాలామంది బిల్లుల్లో కనిపించే మరో లైను జీఎస్టీ. తణుకులో ఒక స్నేహితుడి చీటీలో 2,800 మీద 18 శాతం వేశారు, అంటే 504. ఎందుకంటే "గవర్నమెంటు రూలండి" అన్నారట. రూలు ఉన్నమాట నిజమే, కానీ దానికి రెండు గేట్లున్నాయి. ఒక ఇంటికి నెలకి వసూలు 7,500 దాటాలి, అసోసియేషన్ ఏడాది మొత్తం వసూళ్లు 20 లక్షలు దాటాలి. రెండూ దాటితేనే పన్ను. ఒక్కరికే రెండు ఫ్లాట్లుంటే 7,500 పరిమితిని దేనికదే లెక్కేస్తారు. పిన్ని వాళ్ల ఇరవై ఫ్లాట్ల ఖర్చు ఏడాదికి 4,75,200, అలాంటి బిల్డింగ్‌లో జీఎస్టీ ప్రసక్తే లేదు. 7,500 దాటితే మొత్తం మీద పన్నా, దాటిన భాగం మీదేనా అన్న తగవు వేరే ఉంది. మొత్తం మీద అని 2019లో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది, దాటిన భాగం మీదే అని 2021లో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చింది. మన పట్టణాల్లో ఆ స్థాయి మెయింటెనెన్స్ ఉన్నవి కొన్ని పెద్ద గేటెడ్ కమ్యూనిటీలే. మీ చీటీలో జీఎస్టీ ఉంటే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. పదిహేను అక్షరాలు, అంకెలు ఉంటాయి, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది. నంబరు లేకుండా పన్ను వసూలు చేస్తే అది పన్ను కాదు. స్నేహితుడు నంబరు అడిగాడు, తర్వాతి నెల నుంచి ఆ లైను మాయమైంది.

మాటలతో తేలకపోతే ఎక్కడికి వెళ్లాలన్నది మీ సంఘం ఏ చట్టం కింద రిజిస్టర్ అయిందో దాన్ని బట్టి ఉంటుంది. సంగతి తెలీక చాలామంది పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, "సివిల్ మేటరు" అనిపించుకుని తిరిగొస్తారు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఉంటే, 23వ సెక్షన్ ప్రకారం సభ్యులు ఆర్బిట్రేషన్‌కి గానీ, జిల్లా కోర్టుకి గానీ వెళ్లొచ్చు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉంటే సహకార ట్రిబ్యునల్. బిల్డర్ మీదైతే ఏపీ రెరా, లేదా వినియోగదారుల కమిషన్. ఐదొందలు, వెయ్యి రూపాయల తగవుకి ఇవన్నీ బరువే. దావాకి ముందే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకుంటే కోర్టు ఫీజు లేకుండా లోక్ అదాలత్‌లో ఇద్దర్నీ కూర్చోబెడతారు. పొరుగువాళ్ల మధ్య తగవుకి నాకు తెలిసి అంతకంటే మంచి చోటు లేదు. బైలా కాపీ కమిటీ ఇవ్వకపోతే, సంఘం రిజిస్టర్ అయిన ఆఫీసులో ఫీజు కట్టి తెచ్చుకోవచ్చు.

పిన్ని వాళ్ల విషయం అంత దూరం పోలేదు. జూన్ చీటీలో ఐదు లైన్లు వేర్వేరుగా వచ్చాయి. లేటు ఫీజు లేదు. పెయింటింగ్ ఎదురుగా "జనరల్ బాడీ తర్వాత" అని చేత్తో రాసుంది. మెయింటెనెన్స్ మాత్రం ఇంకా 2,200 అనే ఉంది. పిన్ని మళ్లీ 1,650 అని గడిలో రాసి పంపింది. ఈసారి ఆవిడతో పాటు ఇంకో ఏడుగురు అలాగే పంపారు.

బిల్డర్‌కి రాసిన నోటీసుకి జవాబు రాలేదు. జూలై మొదటి వారంలో ఆయన నాలుగు ఫ్లాట్లలో ఒకటి ఎవరో పాలకొల్లు వాళ్లు కొన్నారు. వాళ్ల లాయరు నో డ్యూస్ కాగితం కావాలన్నాడు. సెక్రటరీ గారు పుస్తకం తీసి, కిందటేడాది ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదిహేను నెలలు, నెలకి 2,475 చొప్పున 37,125 బాకీ అని రాసిచ్చారు. రిజిస్ట్రేషన్ మర్నాడు పొద్దున పదిన్నరకి. ఆ సాయంత్రమే డబ్బు అసోసియేషన్ ఖాతాలో పడింది. మిగతా మూడు ఫ్లాట్ల బాకీ ఇంకా అలాగే ఉంది. వాటికీ బేరాలు వస్తున్నాయట, పిన్ని రోజూ వాకబు చేస్తోంది.